ముల్లు ఒక మాట, అంకెలు ఒక మాట

గోదావరి జిల్లాల్లో పాత స్పోర్ట్స్ కారు కనబడటం అరుదు. దాని తోబుట్టువు మాత్రం మన రోడ్లకు తెలిసిందే. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అది. ఇంగ్లండులో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. ఆ చాసీనే పొట్టి చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును కట్టారు. రెండింటికీ రూపం దిద్దింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టీ. ఈ రెండు కార్లలోనే కాదు, అంబాసిడర్‌లోనూ ఫియట్‌లోనూ స్పీడోమీటరు పనిచేసే తీరు ఒకటే. ఒకదాని జబ్బు కనిపెట్టడం వస్తే మిగతావాటి జబ్బూ తెలిసిపోతుంది.

ఈ మీటరు కథ కారు పుట్టకముందే మొదలైంది. రాగి అయస్కాంతానికి అంటుకోదు. అయినా రాగి పళ్లేన్ని గిరగిరా తిప్పితే దాని పైనున్న దిక్సూచి ముల్లు కూడా వెంట తిరుగుతోందని 1824లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రాన్స్వా అరగో గమనించాడు. కారణం 1831లో మైకేల్ ఫారడే ప్రయోగాలతో తేలింది. లోహం దగ్గర అయస్కాంతం కదిలితే లోహంలో కరెంటు పుడుతుంది. వరద గోదావరిలో సుడులు లేచినట్టు ఆ కరెంటు లోహంలోనే గుండ్రంగా తిరిగి, తానూ ఒక అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. కదలిక ఎంత జోరుగా ఉంటే లాగుడు అంత బలంగా ఉంటుంది. 1902లో జర్మన్ ఇంజనీరు ఓటో షుల్జ్ ఈ లాగుడుతోనే వేగం కొలిచే మీటరుకు పేటెంటు తీసుకున్నాడు. ఇళ్లలో పళ్లెం తిరిగే పాత కరెంటు మీటర్లు ఉండేవి గుర్తుందా? ఆ పళ్లెం అదుపు తప్పకుండా పట్టి ఉంచిందీ ఈ సుడి ప్రవాహాలే.

కారులో పని గేరుబాక్సు వెనక మొదలవుతుంది. చక్రాలకు పోయే షాఫ్టు పినియన్ అనే చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, పినియన్ కేబులును తిప్పుతుంది. కేబులు లోపలి తీగను సన్నటి ఉక్కు పోగులతో ఒక పొర ఇటు, మరో పొర అటు చుట్టి చేస్తారు. అందుకే అది ఎంత వంగినా తిరుగుతూనే ఉంటుంది. నలుచదరంగా ఉండే దాని కొస మీటరు వెనక రంధ్రంలో కూర్చుంటుంది. మైలుకు 1000 చుట్లు తిరిగే మీటరైతే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ తీగ నిమిషానికి దాదాపు 620 చుట్లు తిరుగుతుంది.

మీటరులోకి వచ్చాక ఆ తిరుగుడు రెండు దారులు పడుతుంది. ఒక దారి పళ్ల చక్రాలది. అవి కిలోమీటర్ల అంకెలను తిప్పుతాయి. ఇది ఒట్టి లెక్కింపు, పన్ను అరిగితే తప్ప తప్పదు. రెండో దారి అయస్కాంతానిది. అది ఒక అల్యూమినియం గిన్నెను తాకకుండానే తనతో లాగుతుంది. గిన్నె ఇరుసుకే ముల్లు బిగించి ఉంటుంది. వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ముల్లును వెనక్కి లాగుతుంది. ఆ రెండు లాగుళ్లూ సరిసమానమైన చోట ముల్లు నిలుస్తుంది. అంటే అంకెలది లెక్క, ముల్లుది అంచనా. ఈ తేడా తెలిస్తే మీటరు విప్పకుండానే సగం రోగం పట్టుకోవచ్చు.

ముల్లూ కదలక, అంకెలూ తిరగకపోతే తప్పు మీటరుది కాకపోవచ్చు. కేబులు తెగి ఉంటుంది, లేదా పినియన్ పళ్లు పోయి ఉంటాయి. మీటరు వెనక నట్టు విప్పి తీగను బయటికి లాగితే తెగిన ముక్క చేతికొస్తుంది. తీగ బాగుంటే వెనక చక్రం జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పి చూడాలి. కొస తిరగకపోతే గేరుబాక్సు వైపు వెతకాలి. అంకెలు తిరుగుతూ ముల్లు చచ్చిపడి ఉంటే కేబులు నిర్దోషి. జబ్బు గిన్నె దగ్గరో స్ప్రింగు దగ్గరో ఉంది. ముల్లు బాగానే ఉండి అంకెలు ఆగితే లోపలి పళ్ల చక్రాలు అరిగాయి.

ముల్లు వణుకుతోందంటే ఎక్కువసార్లు కేబులు ఎండిపోయిందనో, ఎక్కడో గట్టిగా మెలిక పడిందనో అర్థం. డెల్టా గాలిలో తేమకు గ్రీజు పోయిన తీగ తుప్పు పడుతుంది. తుడిచి కొత్త గ్రీజు పల్చగా రాయాలి గానీ, మీటరు వైపు కొస మీద మాత్రం దట్టించకూడదు. అది లోపలికి పాకి గిన్నెనూ అయస్కాంతాన్నీ కలిపి అంటిస్తే ముల్లు ఒక్కసారిగా చివరికి ఎగబాకుతుంది.

ముల్లు అబద్ధమాడుతోందేమో తేల్చడానికి రావులపాలెం, తణుకు మధ్య హైవే మీది కిలోమీటరు రాళ్లు చాలు. ముల్లును 60 దగ్గర నిలిపి, పక్క సీట్లో వాళ్లను రాయికీ రాయికీ మధ్య సమయం చూడమనాలి. 60 సెకన్లు పడితే మీటరు నిజం చెబుతోంది. 66 పడితే కారు పోతున్నది 55 లోపే. ఆ వెంటనే పది రాళ్ల దూరం అంకెలతో పోల్చాలి. అంకెలు కూడా అదే పాళ్లలో ఎక్కువ చూపితే టైరు సైజో పినియనో మారింది. చిన్న టైరు కిలోమీటరుకు ఎక్కువ చుట్లు తిరుగుతుంది కదా. అంకెలు సరిగ్గా ఉండి ముల్లు ఒక్కటే తప్పితే అయస్కాంతాన్నీ స్ప్రింగునూ అనుమానించాలి. అయస్కాంతం బలం తగ్గితే ముల్లు తక్కువ చూపుతుంది, స్ప్రింగు నీరసిస్తే ఎక్కువ.

ఎండ సంగతి కూడా తయారీదారులు ఆలోచించారు. రోహిణి కార్తె వేడికి అల్యూమినియంలో కరెంటు పారడం కష్టమై ముల్లు తక్కువ చూపాలి. మంచి మీటర్లలో అయస్కాంతానికి ఒక నికెల్-ఇనుము మిశ్రమలోహపు ముక్క తగిలిస్తారు. చల్లగా ఉన్నప్పుడు అది అయస్కాంత బలంలో కొంత తనవైపు మళ్లిస్తుంది. వేడెక్కేకొద్దీ ఆ వాటా వదిలేస్తుంది.

కొద్దిగా ఎక్కువ చూపడం తప్పు కాదు. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపరాదు. అసలు వేగం 60 అయితే 70 దాకా చూపినా చెల్లుతుంది. ఇప్పటి కార్లలో కేబులు పోయి సెన్సరు వచ్చింది. అదీ చక్రం చుట్లే లెక్కపెడుతుంది కాబట్టి టైరు మారిస్తే అదీ తప్పుతుంది.

కాబట్టి మీటరు పోయింది, కొత్తది వేయాలని షెడ్డులో ఎవరైనా అంటే, డబ్బు తీసేముందు ఒక్క ప్రశ్న అడగండి: కిలోమీటర్లు తిరుగుతున్నాయా?