సకుటుంబ సింహళ యాత్ర

దేశాటనం విజ్ఞానదాయకమని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. అయితే యాత్ర చేయటం వేరు, ఆ యాత్రను స్వయంగా తీర్చిదిద్దుకోవటం వేరు. ఈ రెండవ విద్యలో తెలుగువారికి తొలి గురువుగా ఏనుగుల వీరాస్వామయ్యను పేర్కొనవచ్చు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కుటుంబంతోను, పరివారంతోను కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. వెంట నడిచినవారు సుమారు నూరుమంది. రైలు లేదు, తంతి లేదు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర'ను చరిత్రకారులు ఆనాటి సాంఘిక స్థితిగతుల కోసం చదువుతారు. కాని ఏ ఊరిలో దిగటానికి వసతి ఉన్నది, ఎక్కడ నీరు దొరుకుతుంది, ఎక్కడ అంగళ్లు ఉన్నవి అని ఆయన ఎంత శ్రద్ధగా రాసుకొన్నాడో గమనిస్తే, అది యాత్రా ప్రణాళికకు కూడ చక్కని పాఠమే అవుతుంది.

నేటి మధ్యతరగతి కుటుంబానికి విదేశయాత్ర అందని ద్రాక్ష కాదు. కాని చాలామంది మొదటిసారి 'ప్యాకేజీ టూరు'నే ఆశ్రయిస్తారు. అందులో నిశ్చింత ఉన్నమాట నిజమే. లోపం కూడ అక్కడే ఉన్నది. కాలం మనది కాదు. దుకాణం ముందు గంటసేపు ఆగే బస్సు, శిల్పం ముందు పది నిమిషాలు ఆగదు. స్వయంగా ఏర్పాటు చేసుకొన్న యాత్రలో శ్రమ ఎక్కువ. ఆ శ్రమలోనే సగం ఆనందం ఉన్నదని తెలియటానికి ఒక్కసారి ప్రయత్నించి చూడాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెతకు మూడవ పరీక్షగా దీనిని చేర్చవచ్చు.

గుంటూరులో ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసికొనవచ్చు. తండ్రి, తల్లి, ఇంటర్మీడియట్ చదివే కుమార్తె, ఎనిమిదవ తరగతి కుమారుడు, డెబ్బై ఏళ్లు దాటిన నాయనమ్మ. కొన్ని సంవత్సరాలుగా కూడబెట్టిన సొమ్ము ఒక్క యాత్రకు మాత్రమే సరిపోతుంది. నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండేళ్లు ఆగితే ఆమె కదలలేకపోవచ్చు. కనుక ఈ వేసవిలోనే వెళ్లాలి, పొరపాటుకు అవకాశం లేదు. ఇటువంటి కుటుంబానికి మొదటి గమ్యంగా శ్రీలంక ఎంతో అనువైనది. చెన్నై నుండి కొలంబోకు విమానంలో సుమారు గంటన్నర ప్రయాణం. గడియారం ముల్లు తిప్పవలసిన పని లేదు. రెండు దేశాల కాలమానం ఒక్కటే. అన్నం, పప్పు, కొబ్బరి, మిరపకాయ అక్కడివారికి నిత్యాహారం.

మొదటి మెట్టు పాస్‌పోర్టు. పెద్దలకు అది పదేళ్లు చెల్లుతుంది. పిల్లలకు అయిదేళ్లో, పద్ధెనిమిదేళ్లు నిండేవరకో, ఏది ముందైతే అంతవరకు. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. అది ఇంటిపేరు. పదవ తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలు ఉండదు. తల్లికి పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది మరొకచోట. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయకముందే ఇవన్నీ ఒక్క తీరుకు తెచ్చుకోవాలి. ఆ తరువాత విమానం టికెట్టులో, వీసా దరఖాస్తులో పాస్‌పోర్టులో ఉన్న పేరునే అక్షరం తేడా లేకుండ నింపాలి. ఈ పని ఇంటిలో చదువుకొన్న పిల్లలకు అప్పగించటం మంచిది. వారి కళ్లకు అక్షరదోషం త్వరగా కనిపిస్తుంది.

శ్రీలంకకు వెళ్లే భారతీయులు ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతిని బయలుదేరే ముందే ఇంటర్నెట్ ద్వారా పొందవచ్చు. రుసుములు, నియమాలు తరచుగా మారుతుంటాయి కాబట్టి ఆ దేశ ప్రభుత్వపు అధికారిక వెబ్‌సైటునే చూడాలి. అచ్చంగా దానివలెనే కనిపిస్తూ అదనపు సొమ్ము గుంజే వెబ్‌సైట్లు కూడ ఉన్నవి.

తరువాత విచారించవలసినది కాలం. చిన్న ద్వీపమైనా శ్రీలంకకు రెండు వర్షకాలాలు. నైరుతి రుతుపవనాలు మే చివరి నుండి సెప్టెంబరు వరకు పడమటి, దక్షిణ తీరాలను తడుపుతాయి; ఈశాన్య రుతుపవనాలు సంవత్సరాంతంలో ఉత్తర, తూర్పు భాగాలకు వానలు తెస్తాయి. మన విద్యార్థులకు సెలవులు ఏప్రిల్, మే నెలలలో. ఏప్రిల్ 13, 14 తేదీలలో సింహళ, తమిళ నూతన సంవత్సరం వస్తుంది. ఆ రోజులలో అంగళ్లు మూసివేసి జనులందరు స్వగ్రామాలకు వెళతారు. ఇక ప్రతి పున్నమి అక్కడ 'పోయ' అనే సెలవుదినం. మే నెలలో వచ్చే వెసక్ పున్నమి వాటిలో ముఖ్యమైనది. వైశాఖమే వెసక్ అయినది. ఆ రాత్రి వీధులన్నీ కాగితపు దీపాలతో వెలుగుతాయి. దారిన పోయేవారిని పిలిచి ఉచితంగా ఆహారం, పానీయం ఇచ్చే పందిళ్లు వెలుస్తాయి. వాటి పేరు 'దన్‌సల్'. మన 'దానశాల'యే. గుంటూరు కుటుంబం మే తొలి వారాలను ఎంచుకొంటే వెసక్ దీపాలను కూడ చూసే అవకాశం ఉన్నది. కాని ఆ రోజులకు బస ఎంతో ముందుగా చూసుకోవాలి.

మార్గాన్ని నిర్ణయించటంలోనే కుటుంబ కలహాలు పుడతాయి. దానికి మేలైన ఉపాయం ఒక్కొక్కరికి ఒక్క కోరికను అనుమతించటం. నాయనమ్మకు అశోకవనం చూడాలని ఉంటుంది. సీతమ్మవారు ఉన్నచోటుగా భక్తులు భావించే సీతా ఎలియ ఆలయం నువర ఎలియ అనే కొండపట్టణం దగ్గర ఉన్నది. కుమార్తెకు సిగిరియ, కుమారునికి ఏనుగులు, తల్లికి పనిలేని ఒక్క రోజు, తండ్రికి లెక్క మించని ఖర్చు. ఈ అయిదింటిని పటం మీద గుర్తిస్తే మార్గం తనంతట తానే ఏర్పడుతుంది. అంతర్జాతీయ విమానాశ్రయం కొలంబో నగరంలో లేదు. దానికి ఉత్తరంగా కటునాయకలో ఉన్నది. ప్రాచీన నగరాలు కూడ ఉత్తరాననే ఉన్నవి. కనుక మొదటి రాత్రి దగ్గరలోని నెగొంబోలో విశ్రమించి, మరునాడు నేరుగా అనురాధపురానికి పోవచ్చు. కొలంబో రద్దీలోకి వెళ్లి వెనుకకు రావటం వృథా శ్రమ. ముసలివారితో పోయేటప్పుడు రోజుకొక ఊరిలో మూటలు విప్పటం తగదు. అనురాధపురం, సిగిరియ పరిసరాలు, కాండీ – ఈ మూడుచోట్ల రెండేసి రాత్రులు ఉండటం సుఖం. అయిదుగురికి సామానుతో సహా సరిపోయే వాహనాన్ని, చోదకుని మాట్లాడుకొంటే బస్సుల వెంట పరుగులు తప్పుతాయి. చోదకుని భోజనం, బస ఎవరి బాధ్యతయో ముందే తేల్చుకోవాలి.

పటం గీసినంతమాత్రాన దారి సిద్ధంగా ఉండదు. 2022లో శ్రీలంక తీవ్రమైన ఆర్థిక సంక్షోభంలో చిక్కుకొన్నప్పుడు ఇంధనం కోసం బారులు తీరవలసి వచ్చింది. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుపానువల్ల కొండచరియలు విరిగిపడి మధ్య ప్రాంతపు రోడ్లు, రైలు మార్గాలు దెబ్బతిన్నవి. తేయాకు తోటల మధ్యగా సాగే కాండీ రైలు ప్రయాణం ప్రపంచ ప్రసిద్ధం. అయినా బయలుదేరే వారంలో మార్గ పరిస్థితిని విచారించి తీరాలి. కొండదారిన పోవలసిన నువర ఎలియ వంటి చోటును చివరి రోజులకు ఉంచుకొని, వీలుకాకపోతే మానుకొనేందుకు సిద్ధపడాలి. నాయనమ్మకు ఆ మాట ముందే చెప్పటం ధర్మం.

ఇన్ని జాగ్రత్తల తరువాత అసలు ఆనందం అనురాధపురంలో మొదలవుతుంది. వేయి సంవత్సరాలకు పైగా రాజధానిగా వెలసిన ఈ నగరంలో, క్రీ.పూ. 3వ శతాబ్దంలో సంఘమిత్ర తెచ్చిన బోధివృక్షపు కొమ్మ నుండి పెరిగినదని చెప్పే మహావృక్షం నేటికీ పూజలందుకొంటున్నది. దుట్టగామణి కట్టించిన రువన్‌వెలిసాయ స్తూపం తెల్లని బుడగవలె ఆకాశంలోకి లేచి ఉంటుంది. మహాసేనుడు 3వ శతాబ్దంలో ఆరంభించిన జేతవన స్తూపం మొదట సుమారు 120 మీటర్ల ఎత్తుండేది, అంతా ఇటుక. అమరావతి స్తూపం పేరు వింటూ, దాని ముక్కలను మాత్రమే చూస్తూ పెరిగిన గుంటూరు పిల్లలకు నిండు స్తూపం ఎట్లుంటుందో ఇక్కడ తెలుస్తుంది. ఈ సంబంధం ఊహ కాదు. నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం 'సీహళ విహారం' ఉండేదని 3వ శతాబ్దపు శాసనం చెబుతున్నది. కృష్ణాతీరపు సున్నపురాతి శిల్పాలు శ్రీలంకలోను దొరికాయి. నేల చదునుగా ఉన్నందున నాయనమ్మ కూడ హాయిగా తిరగగలుగుతుంది.

సిగిరియ అట్లు కాదు. చుట్టూ ఉన్న నేల నుండి దాదాపు 180 మీటర్లు నిటారుగా లేచిన ఏకశిల అది. 5వ శతాబ్దంలో కశ్యపుడు తండ్రిని చంపి, తమ్మునికి భయపడి దానిపై కోట కట్టుకొన్నాడు. పైకి చేరటానికి సుమారు 1200 మెట్లు. ఉదయం ద్వారం తెరిచిన వెంటనే ఎక్కటం మంచిది. సగం ఎత్తులో అజంతాను తలపించే స్త్రీమూర్తుల వర్ణచిత్రాలు ఉన్నవి. వాటిని ఫోటో తీయరాదు. ప్రక్కనే ఉన్న 'అద్దపు గోడ' మీద వెనుకటి సందర్శకులు ఆ చిత్రసుందరులను గూర్చి సింహళంలో పద్యాలు గీకి వెళ్లారు. చారిత్రక కట్టడాలపై పేర్లు చెక్కటం నేడు నేరం. వెయ్యేళ్లు గడిచేసరికి ఆ గీతలే సాహిత్యమైనవి! నాయనమ్మ క్రింది ఉద్యానవనంలో, మ్యూజియంలో సేదతీరవచ్చు. ఆమెకు తోడు ఎవరుండాలో ముందటి రాత్రే నిర్ణయించుకోవాలి. సార్క్ దేశాల పౌరులకు కొన్నిచోట్ల ప్రవేశ రుసుము తక్కువ. పాస్‌పోర్టు చూపటం అవసరం. ఏనుగుల కోసం సమీపంలోని మిన్నేరియా వనం ఉన్నది. ఆ వనానికి నడుమనున్న చెరువును త్రవ్వించినది కూడ మహాసేనుడే. ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతాలలో వలె ఏనుగులు వందలుగా గుమిగూడటం మే నెలలో కనిపించదని కుమారునికి చెప్పి తీసికొనిపోవాలి.

భాష తెలియదన్న భయం చాలమందికి ఉంటుంది. అక్కడ ఆంగ్లం, తమిళం కొంత నడుస్తాయి. సంస్కృతం నాలుగు ముక్కలు వచ్చిన తెలుగువానికి సింహళం పూర్తిగా పరాయిది కాదు. పలకరింపు 'ఆయుబోవన్', అంటే ఆయుస్సు కలుగుగాక అని. కృతజ్ఞత తెలుపటానికి 'ఇస్తుతి'. అది మన 'స్తుతి'యే. చెరువును 'వెవ' అంటారు. వాపి శబ్దం అట్లు మారినది. నగరం 'నువర' అయినది.

భోజనంలో ఒక్క హెచ్చరిక. కొబ్బరితో చేసే 'పొల్ సంబోల్' చూడటానికి మన కొబ్బరి పచ్చడి వలెనే ఉంటుంది; కాని అందులో తరచుగా ఎండుచేప పొడి కలుపుతారు. శాకాహారులు అడిగి తెలిసికొని తినాలి. ఆప్పం, ఇడియాప్పం, 'పరిప్పు' అనే పప్పు నిర్భయంగా వడ్డించుకోవచ్చు. ఆలయాలలో భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ధరించి, పాదరక్షలు, టోపీలు తీసివేయాలి. బుద్ధవిగ్రహానికి వీపు త్రిప్పి ఫోటో దిగటం అక్కడ అపచారం. నవ్వులాటకు చేసినా చిక్కులు తప్పవు.

కాండీలో దంతధాతు మందిరం వద్ద తెలుగువారు కొంచెంసేపు ఎక్కువగా ఆగవచ్చు. 1739 నుండి 1815 వరకు ఈ రాజ్యాన్ని ఏలినవారు మధుర నాయకులతో బంధుత్వం, తెలుగు మూలాలు కల నాయక రాజులు. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం నుండి భిక్షువులను రప్పించి, క్షీణించిన బౌద్ధసంఘాన్ని నిలబెట్టాడు. ఆఖరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు. ఆంగ్లేయులు 1815లో అతనిని బంధించి తరువాత వేలూరు కోటకు తరలించగా, 1832లో అక్కడే మరణించాడు. చెన్నై మీదుగా ఇల్లు చేరే గుంటూరు కుటుంబానికి వేలూరు దూరమేమీ కాదు. పాలారు ఒడ్డున అతని సమాధి మండపం ఉన్నది.

ఆపద సంభవిస్తే ఏమి చేయాలన్నది చివరగా చెప్పినా, చేయవలసినది బయలుదేరే ముందే. ప్రయాణ బీమా, పాస్‌పోర్టుల నకళ్లు, నాయనమ్మ మందులు వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. కొలంబోలో భారత హైకమిషన్, కాండీలో దాని సహాయ కార్యాలయం ఉన్నవి. అంబులెన్సు కోసం 1990కి ఫోను చేస్తే చాలు, సేవ ఉచితం. హైదరాబాదులో 2005లో మొదలైన 108 సేవ నమూనాలో, భారత ప్రభుత్వ సహాయంతో 2016లో ఇది అక్కడ ఆరంభమైనది. ఆ రెండు సంఖ్యలలో 1990ని కాగితం మీద రాసి నాయనమ్మ చేతిసంచిలో కూడ ఒకటి పెట్టాలి. ఫోనులో ఛార్జింగు అయిపోవటానికి సమయం, సందర్భం ఉండవు.