దుకాణంలో మెరూన్, వాకిట్లో వంకాయ రంగు

ఉక్కు కర్మాగారంలో పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. స్మృతి నగర్‌లో అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. పెళ్లికని సాయంత్రం పూట బజారుకెళ్లి మెరూన్ రంగు పట్టుచీర కొన్నారు. తెల్లారి వాకిట్లో విప్పి చూడగానే అత్తగారు, "ఇదేటమ్మా, మెరూనన్నావు, వంకాయ రంగులా ఉందేటి?" అన్నారు. చీర పట్టుకుని కోడలు కొట్టుకు వెళ్తే, గల్లాపెట్టె వెనక బోర్డు: 'బికా హువా మాల్ వాపస్ నహీ హోగా'. అమ్మిన సరుకు వాపసు తీసుకోరు. దుకాణదారు అదే దీపం కింద చీర పరిచి, "మెరూనే కదా!" అంటాడు. నిజంగానే మళ్లీ మెరూన్‌లా కనిపిస్తుంది.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. తేడా అంతా దీపంలో ఉంది.

బట్టకు సొంత వెలుగు లేదు. తనపై పడిన కాంతిలో కొన్ని తరంగదైర్ఘ్యాలను పీల్చుకుని, మిగిలినవాటిని తిప్పి పంపుతుంది. ఆ చీరకు వేసిన అద్దకం ఎరుపుతో పాటు కొంత నీలాన్నీ, ఊదానూ పరావర్తనం చేస్తుందనుకుందాం. పగటి వెలుగులో నీలం పుష్కలంగా ఉంటుంది కాబట్టి రెండూ కలిసి వంకాయ రంగు కనిపిస్తుంది. పట్టు మెరవాలని కొట్టులో పెట్టే పసుపు ఛాయ దీపాల్లో నీలం తక్కువ. రాని కాంతిని బట్ట తిప్పి పంపలేదు కదా! అందుకే అక్కడ ఎరుపుదే పైచేయి.

తెల్లని ఎల్‌ఈడీ బల్బులోనూ ఒక తిరకాసు ఉంది. దాని లోపల ఉండేది నీలి కాంతినిచ్చే చిప్. సమర్థమైన నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమనో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. సుమారు 450 నానోమీటర్ల దగ్గర వెలువడే ఆ నీలి కాంతిలో కొంత భాగాన్ని పైనున్న ఫాస్ఫర్ పూత పసుపుగా మారుస్తుంది. రెండూ కలిస్తే కంటికి తెలుపు. కానీ ఈ తెలుపు వర్ణపటంలో ఎండలో లేని పల్లాలు ఉంటాయి. ముఖ్యంగా 480 నానోమీటర్ల చుట్టుపక్కల, ముదురు ఎరుపు దగ్గర కాంతి తగ్గుతుంది. రంగులను దీపం ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే కొలత సీఆర్‌ఐ, అంటే వర్ణ ప్రదర్శన సూచిక. దీని గరిష్ఠ విలువ 100. మామూలు ఎల్‌ఈడీలకు ఇది 80 దరిదాపుల్లో ఉంటుంది. పైగా ఈ సగటును ఎనిమిది లేత రంగుల మీదే లెక్కిస్తారు. మన పెళ్లిచీరల ముదురు ఎరుపు ఆ లెక్కలోకే రాదు!

మ్యాచింగ్ జాకెట్టు తిప్పలు ఇంకో రకం. మన కంట్లో రంగులను గుర్తించే శంకు కణాలు మూడు రకాలే. వందలాది తరంగదైర్ఘ్యాల సమాచారాన్ని మెదడు మూడు సంకేతాలతోనే అందుకుంటుంది. అందువల్ల వేర్వేరు అద్దకాలు వేసిన రెండు గుడ్డలు ఒక దీపం కింద అచ్చం ఒకేలా కనబడి, ఇంకో వెలుగులో విడిపోవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. జౌళి మిల్లుల్లో ఈ చిక్కు తెలుసు గనుకే, పగటి వెలుగును అనుకరించే 'డి65' అనే ప్రామాణిక కాంతితో పాటు ఇతర దీపాల కిందా నమూనాలను పోల్చి చూస్తారు. కొనేవారికి ఆ పెట్టె అందుబాటులో ఉండదు. కొట్టు గుమ్మమే దిక్కు.

చాలామంది అసలు వెనక్కి ఇవ్వడానికే వెళ్లరు. మొహమాటం ఒక్కటే కారణం కాదు. కానమన్, నెచ్, థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చారు. కొనేవాళ్లు ఇస్తామన్న ధరకు రెట్టింపు పైగా చెల్లిస్తే తప్ప, కప్పు చేతికొచ్చినవాళ్లు అమ్మడానికి ఇష్టపడలేదు. ఒకసారి బీరువాలోకి చేరాక నచ్చని చీరకూ ఇలాగే విలువ పెరగవచ్చు.

మరి చట్టం ఏమంటుంది? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్నప్పుడు గోడ మీది బోర్డు ఈ హక్కును తుడిచేయలేదు. అయితే 'లోపం' అన్న మాట దగ్గరే పీటముడి. చెప్పిన నాణ్యతకు భిన్నంగా మొదటి ఉతుకులోనే రంగు వెలిస్తే అది లోపమని వాదించవచ్చు. ఇంటికెళ్లాక రంగు నచ్చకపోవడం మాత్రం లోపం కిందకు రావడం కష్టం. అప్పుడు దుకాణదారు ఇచ్చిన మాటే ఆధారం, అదీ బిల్లు మీద రాయించుకుంటేనే.

ఫిర్యాదు చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కేసు దాకా వెళ్తే, కొత్త చట్టం వచ్చాక తామున్న జిల్లాలోనే వేయవచ్చు. స్మృతి నగర్ వాసులకు అది దుర్గ్ జిల్లా కమిషన్. 5 లక్షల రూపాయల దాకా విలువున్న కొనుగోళ్లకు రుసుము లేదు.

ఏదైనా ఫాల్ కుట్టించకముందే, జాకెట్టు గుడ్డ కత్తిరించకముందే తేల్చుకోవాలి. కత్తెర పడిన చీరను మార్చుకోమంటే ఏ కొట్టులోనూ ఒప్పుకోవడం కష్టమే.