మీకు తెలుసా? చాక్లెట్టా, చెక్క ముక్కా?

ఐక్యూ అనగానే మేధావులు గుర్తొస్తారు. ఆ పరీక్ష పుట్టింది మాత్రం చదువులో వెనకబడిన పిల్లల కోసం. ఫ్రాన్స్‌లో 1882 చట్టంతో పిల్లలందరికీ చదువు తప్పనిసరి అయింది. మామూలు పాఠాలు అందుకోలేని పిల్లలకు ఏం చేయాలో తేల్చడానికి 1904లో ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. అందులో సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, యువ వైద్యుడు తెయోడార్ సిమోన్‌తో కలిసి 1905లో 30 అంశాల పరీక్ష తయారుచేశాడు.

ఆ అంశాలు చూస్తే ముచ్చటేస్తుంది. వెలుగుతున్న అగ్గిపుల్ల కదులుతుంటే చూపు దాని వెంట వెళ్తోందా? చాక్లెట్ ముక్కనూ, అదే సైజు చెక్క ముక్కనూ ముందుంచితే తినేదేదో గుర్తుపడుతున్నాడా? మూడు అంకెలు విని తిరిగి చెప్పగలడా? ఈగకూ సీతాకోకచిలుకకూ తేడా చెప్పగలడా? బడిలో బట్టీ పట్టిన పాఠాలతో వీటికి పనిలేదు. బినే అంతకు ముందే తన కూతుళ్లు మాడలైన్, ఆలిస్ ఆలోచించే తీరును శ్రద్ధగా గమనించి రాసుకున్నాడు. పిల్లల్ని అంత ఓపికగా చూసిన మనిషి కాబట్టే, తెలివి ఉన్నచోటే ఆగిపోదని, తగిన సాధనతో పెరుగుతుందని 1909లో పుస్తకం రాసి మరీ వాదించాడు. 1911లో, 54 ఏళ్లకే పోయాడు.

ఐక్యూ లెక్కలోని భాగహారం మాత్రం ఆయన చేసింది కాదు. మానసిక వయసును, అంటే పరీక్షలో ఏ వయసు పిల్లల స్థాయిలో చేశారో ఆ వయసును, అసలు వయసుతో భాగించమన్నది 1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని 100తో హెచ్చవేశాడు. పదేళ్ల పాప ఎనిమిదేళ్ల పిల్లల స్థాయిలో చేస్తే 80 అన్నమాట. ఇప్పుడు ఆ లెక్క పోయింది. అదే వయసువాళ్ల సగటును 100గా పెట్టుకుని పోలుస్తారు. సుమారు మూడింట రెండొంతుల మంది 85, 115 మధ్యే ఉంటారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం దాదాపు 17 లక్షల మందికి ఇలాంటి పరీక్షలు పెట్టింది. ఇంగ్లిష్ చదవలేని వాళ్లకు బొమ్మల పరీక్ష. ఒక బొమ్మలో నెట్ లేని టెన్నిస్ కోర్టు. ఏం లోపించిందో గీయాలి! టెన్నిసే చూడని పల్లెటూరి వలస కూలీ ఏం గీస్తాడు? ఆ మార్కులు పట్టుకుని, దక్షిణ, తూర్పు యూరప్ జనానికి తెలివి తక్కువని 1923లో కార్ల్ బ్రిగమ్ పుస్తకం రాశాడు. తన నిర్ధారణలు నిలవవని 1930లో తానే ఒప్పుకున్నాడు. ఈలోపు 1924లోనే ఆ ప్రాంతాల వలసలను గట్టిగా కట్టడి చేసే చట్టం వచ్చేసింది. ఇది ఘోరమైన అన్యాయం.

పరీక్ష పిల్లల భాషలో, వాళ్లకు తెలిసిన వస్తువులతో ఉండాలి. మన దేశంలో వి.వి. కామత్ 1930లలో బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు మలిచాడు. బినే-కామత్ పరీక్షగా అది ఇప్పటికీ వాడుకలో ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పాటైన జాతీయ సంస్థలో పరీక్షలతో పాటు ప్రత్యేక బోధన, థెరపీ, తల్లిదండ్రులకు శిక్షణ కూడా ఉన్నాయి.

మీ ఇంట్లో పిల్లలు వెనకబడుతున్నారనిపిస్తే ఫోన్‌లో క్విజ్ పెట్టి బెంబేలు పడకండి. క్లినికల్ సైకాలజిస్టుకు చూపించండి. స్కోరు వినగానే లేచి రావద్దు. ఎందులో సాయం కావాలి, ఇంట్లో ఏం నేర్పాలి, టీచరుకు ఏం చెప్పాలి అని అడిగి రాయించుకోండి.