పన్నెండు లక్షల మాట, ఊరి స్థలం లెక్క

ఉపాధి కోసం నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సాధారణంగా రెండు లెక్కలుంటాయి. మొదటిది ఇక్కడి లెక్క: జీతం, ఇంటి అద్దె, పిల్లల చదువు. రెండవది ఊరి లెక్క: పెద్దలు కట్టిన ఇల్లు, పంపకాలలో వచ్చిన ఖాళీ స్థలం, కౌలుకిచ్చిన ఎకరమో రెండెకరాలో పొలం. గత రెండేళ్ళలో కేంద్ర ప్రభుత్వపు పన్ను నిబంధనలలో వచ్చిన మార్పులు ఈ రెండు లెక్కలనూ తాకాయి. అయితే ఒకే తీరున తాకలేదు. జీతానికి లభించిన ఊరట వాడవాడలా ప్రచారమైంది. స్థలానికి సంబంధించిన నిబంధనలు మాత్రం అమ్మకం పూర్తయి, రిటర్ను దాఖలు చేసే వేళకు గాని చాలామంది దృష్టికి రావడం లేదు. అందువల్ల ఈ వ్యాసంలో జీతం సంగతి క్లుప్తంగాను, ఊరి ఆస్తి సంగతి కొంత విపులంగాను వివరిస్తున్నాము.

2025-26 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త పన్ను విధానంలో మొదటి 4 లక్షల రూపాయల ఆదాయంపై పన్ను లేదు. 4 నుండి 8 లక్షల వరకు 5 శాతం, 8 నుండి 12 లక్షల వరకు 10 శాతం, ఆపైన ప్రతి 4 లక్షలకు 5 శాతం చొప్పున పెరుగుతూ, 24 లక్షలు దాటిన భాగంపై 30 శాతానికి చేరుతుంది. ఈ లెక్కన 12 లక్షల ఆదాయంపై 60,000 రూపాయల పన్ను పడాలి. ఆ మొత్తాన్ని రిబేటు రూపంలో ప్రభుత్వం మాఫీ చేస్తుంది. ఉద్యోగులకు 75,000 రూపాయల ప్రామాణిక మినహాయింపు కూడా ఉన్నందున 12 లక్షల 75 వేల జీతం వరకు పన్ను భారం లేకుండా పోయింది. ఆదాయం 12 లక్షలను కొద్దిగా దాటినవారు కంగారు పడనక్కరలేదు. ప్రామాణిక మినహాయింపు పోను 12 లక్షల 10 వేలు మిగిలిన ఉద్యోగికి పన్ను 61,500 కాదు, దాటిన 10,000 మాత్రమే, దానిపై 4 శాతం సెస్సు.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. పన్ను లేని పరిమితి నేటికీ 4 లక్షలే. 12 లక్షలన్నది రిబేటు వర్తించే పరిమితి. ఈ తేడా మాటల తేడా కాదు. దాని నుండి రెండు పర్యవసానాలు కలుగుతాయి. ఒకటి, ఆదాయం 4 లక్షలు దాటినవారు కట్టవలసిన పన్ను సున్నా అయినప్పటికీ రిటర్ను దాఖలు చేయవలసిందే. రెండవది, రిబేటు జీతం, వడ్డీ, అద్దె వంటి మామూలు ఆదాయంపై పడే పన్నుకే గాని, ప్రత్యేక రేటుతో పన్ను పడే ఆదాయానికి వర్తించదు. స్థలం అమ్మగా వచ్చే దీర్ఘకాలిక మూలధన లాభం ఈ రెండవ కోవకు చెందినది.

ఒక ఉదాహరణ చూద్దాం. బెంగళూరులో పనిచేస్తున్న ఒక ఉద్యోగికి ప్రామాణిక మినహాయింపు పోను 6 లక్షల ఆదాయం ఉన్నదనుకుందాం. అనంతపురం జిల్లాలోని ఇంటి స్థలం అమ్మగా 3 లక్షల లాభం వచ్చింది. మొత్తం 9 లక్షలు. పన్నెండుకు మూడు లక్షల దూరంలో ఉన్నాననుకొని ఆయన నిశ్చింతగా ఉంటాడు. జీతంపై పడే 10,000 రూపాయల పన్ను రిబేటులో పోతుంది, నిజమే. స్థలం లాభంపై 12.5 శాతం చొప్పున 37,500, సెస్సు 1,500, వెరసి 39,000 రూపాయలు మాత్రం చెల్లించవలసిందే. అదే స్థలం ఊళ్ళో ఉంటున్న, వేరే ఆదాయమేదీ లేని తల్లి పేరున ఉండి ఆమె అమ్మి ఉంటే, 3 లక్షల లాభం 4 లక్షల ప్రాథమిక పరిమితిలో ఇమిడిపోయి పన్నే పడదు. కనుక స్థలం ఎవరి పేరున ఉన్నదన్నది మొదటి ప్రశ్న. పన్ను తప్పించుకొనేందుకు అమ్మకానికి ముందు హడావుడిగా పేర్లు మార్చమని దీని అర్థం కాదు. దస్తావేజు ఎవరి పేరున ఉన్నదో చూడకుండానే కొడుకు ఖాతాలో సొమ్ము జమ చేయించుకొనే అలవాటు మనలో ఉన్నది. చిక్కులు అక్కడే మొదలవుతాయి.

స్థలమైనా ఇల్లైనా 24 నెలలకు మించి మన ఆధీనంలో ఉంటే ఆ లాభం దీర్ఘకాలికం. వారసత్వంగా వచ్చిన ఆస్తికి తండ్రి లేదా తాత కలిగి ఉన్న కాలం కూడా కలుస్తుంది. అంతకు లోపు అమ్మితే వచ్చిన లాభం జీతంతో పాటు మామూలు శ్లాబులలోకి వెళుతుంది.

2024 జులై 23న ఈ విషయంలో పెద్ద మార్పు జరిగింది. అంతకు ముందు, కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచిక ప్రకారం పెంచి, మిగిలిన లాభంపై 20 శాతం పన్ను విధించేవారు. ఆ తేదీ నుండి ధరను పెంచే సదుపాయాన్ని తొలగించి, రేటును 12.5 శాతానికి తగ్గించారు. పాత ఆస్తులున్నవారి నుండి వ్యతిరేకత రావడంతో, 2024 జులై 23కు ముందు సంపాదించిన భూమి లేదా ఇంటి విషయంలో దేశంలో నివసించే వ్యక్తులు, అవిభక్త హిందూ కుటుంబాలు రెండు పద్ధతులలో ఏది తక్కువైతే ఆ పన్ను చెల్లించే వెసులుబాటు కల్పించారు.

ఏది లాభమన్నది ధర పెరిగిన వేగాన్ని బట్టి ఉంటుంది. 2012-13లో సూచిక 200, 2025-26లో 376. ఆనాడు 10 లక్షలకు కొన్న స్థలాన్ని 2025-26లో 30 లక్షలకు అమ్మితే, కొత్త పద్ధతిలో 20 లక్షల లాభంపై రెండున్నర లక్షల పన్ను. పాత పద్ధతిలో కొన్న ధర 18 లక్షల 80 వేలుగా మారుతుంది, లాభం 11 లక్షల 20 వేలు, పన్ను 2 లక్షల 24 వేలు. ఇక్కడ పాతదే మేలు. అదే స్థలం 40 లక్షలు పలికితే పాత పద్ధతిలో 4 లక్షల 24 వేలు, కొత్త పద్ధతిలో 3 లక్షల 75 వేలు. అప్పుడు కొత్తది మేలు. జిల్లా కేంద్రాల శివార్లలో ధర పలురెట్లు పెరిగిన స్థలాలకు ఎక్కువగా 12.5 శాతమే అనుకూలిస్తుంది. మారుమూల పట్టణాలలో ధర నింపాదిగా పెరిగిన పాత ఇళ్ళకు సూచిక పద్ధతి అనుకూలిస్తుంది. రెండూ వేసి చూడకుండా నిర్ణయించరాదు.

తాతల నాటి స్థలానికి కొన్న ధర ఏమిటన్నది మరొక సమస్య. 2001 ఏప్రిల్ 1కి ముందు సంపాదించిన ఆస్తికి ఆ తేదీ నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. అయితే అది ఆనాటి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువను మించరాదు. ఊరికి వెళ్ళినప్పుడు సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి ఆ విలువకు సంబంధించిన పత్రం తెచ్చుకోవడం అమ్మకానికి ముందే చేయవలసిన పని. అమ్మిన తరువాత నగరం నుండి దాని కోసం తిరగడం ఎంత కష్టమో అనుభవమున్నవారికి తెలుసు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి అమ్మేటప్పుడు పన్ను ఎవరి వాటాకు వారిదే. ఆస్తి మొత్తం విలువ 50 లక్షలు లేదా అంతకు మించితే, ఒక్కొక్కరి వాటా తక్కువైనా సరే, కొనుగోలుదారు 1 శాతం పన్ను ముందే మినహాయించాలని 2024 అక్టోబరు 1 నుండి స్పష్టం చేశారు. తోబుట్టువులలో ఒకరు విదేశంలో స్థిరపడి ఉంటే వారి సంగతి వేరు. సూచిక పద్ధతిని ఎంచుకొనే వెసులుబాటు గాని, 4 లక్షల పరిమితిలో లాభాన్ని సర్దుకొనే వీలు గాని వారికి లేదు. పైగా వారి వాటా ఎంత చిన్నదైనా కొనుగోలుదారు పన్ను మినహాయించవలసి ఉంటుంది. లాభం తేల్చే అవకాశం లేక వాటా సొమ్ము మొత్తంపైనే మినహాయించడం పరిపాటి. లాభం మేరకే మినహాయించేట్లు ఆదాయపు పన్ను అధికారి నుండి ధ్రువపత్రం ముందుగా పొందవచ్చు. ఆ ధ్రువపత్రానికి కొంత వ్యవధి పడుతుంది గనుక, సోదరుడు సెలవుపై వచ్చిన వారంలోనే రిజిస్ట్రేషన్ ముగించాలనుకొనే కుటుంబాలు ఈ పని ముందే ఆరంభించాలి.

పొలం అమ్మకానికి పన్ను లేదన్న మాట సగం నిజం. పల్లెటూరి సాగుభూమి మూలధన ఆస్తి కాదు గనుక దానిపై లాభానికి పన్ను లేదు. అయితే ఏది పల్లెటూరన్నది చట్టం కొలిచి చెబుతుంది. పురపాలక పరిధి లోపలి భూమి, ఆ పట్టణ జనాభా 10,000 లేదా ఎక్కువైతే, పల్లెటూరి భూమి కాదు. పరిధి వెలుపల కూడా జనాభా లక్ష వరకు ఉంటే 2 కిలోమీటర్లు, పది లక్షల వరకు 6, ఆపైన 8 కిలోమీటర్ల లోపు భూమికి ఈ మినహాయింపు లేదు. దూరాన్ని రోడ్డు వెంట కాక గాలిలో సరళరేఖగా కొలుస్తారు. పరిధులు మారుతూ ఉంటాయన్నది మరువరాదు. 2025 చివరలో హైదరాబాదు చుట్టుపక్కల 27 పురపాలక, నగరపాలక సంస్థలను మహానగర పాలక సంస్థలో విలీనం చేశారు. అటువంటి మార్పు జరిగినచోట దూరాన్ని కొత్త సరిహద్దు నుండి లెక్కించవలసి వస్తుంది. ఒకనాడు దూరపు పల్లె అనుకున్న పొలం అమ్మేనాటికి ఏ గీతకు లోపల ఉన్నదో చూసుకోవాలి. కౌలు సొమ్ము మాత్రం వ్యవసాయ ఆదాయమే. దానిపై నేరుగా పన్ను లేదు. అది ఏడాదికి 5,000 దాటి, ఇతర ఆదాయం ప్రాథమిక పరిమితిని మించినప్పుడు మాత్రం శ్లాబు లెక్కలో చేరుతుంది.

ఊరి ఇంటి విషయంలో ఒక మంచి మార్పు జరిగింది. ఖాళీగా ఉన్న రెండవ ఇంటికి అద్దె వచ్చినట్లుగా ఊహించి పన్ను వేసే నిబంధన చాలాకాలం ఉండేది. 2019-20 నుండి రెండు ఇళ్ళ వరకు సడలించినా, ఖాళీగా ఎందుకు ఉన్నదో కారణం చూపవలసి వచ్చేది. 2025 బడ్జెట్టుతో ఆ షరతు తొలగింది. నగరంలో ఒక సొంత ఫ్లాటు, ఊళ్ళో తాళం వేసిన ఇల్లు ఉన్నవారు ఏ సంజాయిషీ ఇవ్వనవసరం లేదు. మూడవ ఇల్లు ఉంటే పాత నిబంధనే వర్తిస్తుంది.

స్థలం అమ్మినవారు జీతగాళ్ళు వాడే మొదటి నమూనా రిటర్నును దాఖలు చేయరాదు. రెండవ నమూనా కావాలి. నిర్ణీత పరిమితికి చేరిన ఆస్తి లావాదేవీలను రిజిస్ట్రేషన్ శాఖ ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తుంది. అవి మీ వార్షిక సమాచార పట్టికలో కనబడతాయి. 2026 ఏప్రిల్ 1 నుండి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది. మదింపు సంవత్సరం, గత సంవత్సరం అన్న జంట పదాలు పోయి ‘పన్ను సంవత్సరం’ అన్న ఒక్క పదం వచ్చింది. అయితే 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది గనుక, ఆ సంవత్సరపు రిటర్నులో పాత పదాలే కనబడితే తికమక పడవద్దు.

వస్తు సేవల పన్ను గురించి రెండు మాటలు చాలు. 2025 సెప్టెంబరు 22 నుండి 12, 28 శాతం శ్లాబులు రద్దయి, ప్రధానంగా 5, 18 శాతం మిగిలాయి. విలాస వస్తువులు కొన్నింటికి 40 శాతం. నెయ్యి, వెన్న, తలనూనె, సబ్బు, టూత్‌పేస్టు 5 శాతానికి దిగాయి. ఊళ్ళో ఇల్లు కట్టేవారికి సిమెంటు 28 నుండి 18కి దిగడం ముఖ్యం. తల్లిదండ్రుల పేరున మీరు విడిగా తీసుకొనే ఆరోగ్య బీమాపై ఇప్పుడు పన్ను లేదు. మీ సంస్థ తీసుకొనే బృంద బీమాకు ఈ మినహాయింపు లేదు.

విదేశాల నుండి వచ్చే బంధువుల సామానుకు 2026 ఫిబ్రవరి 2 నుండి కొత్త నిబంధనలు వచ్చాయి. సుంకం లేకుండా తెచ్చుకొనే వస్తువుల విలువ 50,000 నుండి 75,000 రూపాయలకు పెరిగింది. భార్యాభర్తలు వచ్చినా ఇద్దరి పరిమితినీ ఒకే వస్తువుకు కలిపి వాడుకోరాదు. ఏడాదికి మించి విదేశంలో నివసించి వచ్చేవారి నగలకు 2016 నాటి నిబంధనలు బరువుతో పాటు విలువనూ పరిమితం చేశాయి: స్త్రీలకు 40 గ్రాములు, లక్ష రూపాయలు, పురుషులకు 20 గ్రాములు, 50,000. పది గ్రాముల బంగారం లక్ష దాటిన 2025లో ఆ లక్షకు తులం బంగారమైనా రాదు. ఇప్పుడు విలువ పరిమితి తీసివేసి, స్త్రీలకు 40, ఇతరులకు 20 గ్రాముల బరువును మాత్రమే ఉంచారు. ఇది నగలకే. బిస్కెట్లకు, నాణేలకు వర్తించదు.

కుమార్తె ప్రసవానికో, మనుమల కోసమో ఆరు నెలలు విదేశానికి వెళ్ళి వచ్చే తల్లికి మాత్రం ఈ బరువు రాయితీ లేదు, ఆమె అక్కడ ఏడాది నివసించలేదు గనుక. ఆమె ఒంటిమీది నగలు ఇక్కడివే కాబట్టి సుంకం కట్టనక్కరలేదు. అవి ఇక్కడివేనని చూపించే బాధ్యత తిరిగి వచ్చేటప్పుడు ఆమెపై పడవచ్చు. అందువల్ల బయలుదేరే రోజున విమానాశ్రయంలోని కస్టమ్స్ కౌంటరు వద్ద నగలు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. నగల ఫొటోలు, కొన్న రశీదులు దగ్గర ఉంచుకొని, మామూలు సమయానికంటె ఒక గంట ముందుగా చేరుకోవడం మంచిది. ఆ కాగితాన్ని పాస్‌పోర్టుతో పాటు భద్రపరచి, తిరిగి వచ్చే రోజున చేతిసంచిలోనే ఉంచుకోవాలి.