కడుపులోనే కనిపించే ప్రేగు చిక్కు

"బాబో పాపో ఎలాగూ చెప్పరు, ఇక ఆ స్కానింగు ఎందుకమ్మా?" మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఈ మాట అనడం మామూలే. లింగ నిర్ధారణను 1994 నాటి చట్టం నిషేధించింది, అది న్యాయమే. కాని స్కానింగు వచ్చింది అందుకు కాదు. 1958లో గ్లాస్గోలో డాక్టర్ ఇయాన్ డోనాల్డ్ ధ్వని తరంగాలతో గర్భంలోని శిశువును చూపినప్పటి నుండి దాని అసలు పని వేరు. తూంకుంట నుండి రాజీవ్ రహదారి మీద సికింద్రాబాదుకు పరీక్షకు వెళ్ళే సోదరి ఈ సంగతి తెలిసికొని వెళ్తే మంచిది.

గర్భంలోని శిశువు ఉమ్మనీరు మ్రింగుతూ ఉంటుంది. ఆ నీరు ప్రేగులోకి దిగి ఇంకిపోతుంది. చిన్నప్రేగు మొదటి భాగం మూసుకొని ఉంటే నీరు అక్కడే ఆగిపోతుంది. అప్పుడు స్కానింగు తెర మీద రెండు నల్లని బుడగలు ప్రక్క ప్రక్కన కనబడతాయి. ఒకటి జీర్ణాశయం, రెండవది ఉబ్బిన ప్రేగు. వైద్యులు దీనిని 'డబుల్ బబుల్' అంటారు. ఇంకని నీరు గర్భసంచిలో పెరిగి తల్లి పొట్ట నెలలకు మించి కనబడుతుంది, నెలలు నిండకనే నొప్పులు రావచ్చు. "కవలలేమో" అని సంబరపడినవారూ ఉంటారు!

ఒక చిక్కు ఉంది. టిఫా స్కాన్ 18 నుండి 22 వారాల మధ్య చేస్తారు. ఈ బుడగలు చాలాసార్లు 24 వారాల తరువాతే తేటపడతాయి. కాబట్టి ఐదవ నెలలో "అంతా బాగుంది" అన్నారని, ఉమ్మనీరు ఎక్కువైనప్పుడు మళ్ళీ చూపించుకోవడం మానకూడదు. 2022లో తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రులలోనూ టిఫా యంత్రాలు పెట్టారు.

రిపోర్టులో ఆ మాట చూడగానే ఇంట్లో ఏడ్పులు మొదలవుతాయి. "తీయించేద్దాం" అనే సలహా బంధువుల నుండే ముందు వస్తుంది. ఏ నిర్ణయానికైనా ముందు పిల్లల సర్జన్‌తో మాట్లాడండి. పుట్టిన కొద్ది రోజులలో ఆపరేషన్ చేసి, మూసుకున్న చోటు దాటించి ప్రేగును కలుపుతారు. మంచి సౌకర్యాలున్న చోట పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బ్రతుకుతున్నారు. అయితే దాచకూడని మాట ఇంకొకటి ఉంది. ఈ పిల్లలలో సుమారు ముగ్గురిలో ఒకరికి డౌన్ సిండ్రోమ్ ఉంటుంది, కొందరికి గుండె లోపమూ ఉంటుంది. అందుకే ఇంకా కొన్ని పరీక్షలు వ్రాస్తారు. వాటి ఫలితం వినడానికి భర్త కూడా వెంట ఉండాలి. ఆ మాట ఆమె ఒక్కతే విని బస్సెక్కి రావడం భరించరానిది.

బొడ్డు ప్రక్కనుండి ప్రేగులు బయటికి వచ్చిన లోపం ఇంకా ముందే కనబడుతుంది. మలద్వారం లేకపోవడం మాత్రం స్కానింగులో తరచుగా తప్పిపోతుంది. పుట్టగానే నర్సు చూడవలసినది అది. అలాగే పసిబిడ్డ పసరు కక్కితే గ్రైప్ వాటర్ పోసి తెల్లవారేదాకా ఆగకండి, అది ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చవలసిన బిడ్డ.

ముందుగా తెలిస్తే కలిగే మేలు ఇదే: కాన్పు ఎక్కడ జరగాలో ముందే ఏర్పాటు చేసికోవచ్చు. ఊళ్ళో కాన్పు అయ్యాక బిడ్డను రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రికి పరుగెత్తించడం వేరు, పిల్లల సర్జన్లు అందుబాటులో ఉన్న చోటనే కనడం వేరు. ఏ ఆసుపత్రి అయినా పసిపిల్లల ఆపరేషన్లు అక్కడ చేస్తారా అని ముందే అడగండి. స్కానింగు కాగితాలన్నీ ఒకే సంచిలో ఉంచండి. ఆపరేషన్ అయిన బిడ్డకు కొన్నాళ్ళు పాలు పట్టరు. ఆ రోజులలో తల్లి పాలు ఎండిపోకుండా పిండి తీయమని నర్సులు చెబుతారు. అత్తగారు ఆ సమయంలో ఆమెకు వేడిగా ఇంత అన్నం పంపితే చాలు.