వరద తీసిన ఇంటికి రోగిని ఎప్పుడు తీసుకువెళ్ళాలి?

"డిశ్చార్జి ఎప్పుడు ఇస్తారండీ?" అని వార్డులో ప్రతి కుటుంబమూ అడుగుతుంది. మీ ఇంట్లోకి వరద నీరు వచ్చి ఉంటే మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆపరేషన్ అయినవారిని, ఆయాసంతో బాధపడేవారిని, బాలింతను పడుకోబెట్టడానికి ఆ గది తగినట్లుగా ఉన్నదా?

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మొదలైన ప్రాంతాలు మునిగాయి. కొన్ని వీధుల్లో వారం గడిచినా నీరు తీయలేదు. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు పొంగింది. 2009 అక్టోబరులో కర్నూలు నగరం మునిగిన సంగతి కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. విజయవాడలో నీరు తీశాక ఫైరింజన్లతో ఇళ్ళలోని బురదను కడిగించారు. గచ్చు శుభ్రపడితే ఇల్లు బాగుపడినట్లే అనిపిస్తుంది. కాని రోగికి అసలు ఇబ్బంది గచ్చుతో కాదు, గోడతో వస్తుంది.

గోడ లోపల ఏమి జరుగుతుంది?

ఇటుక, సిమెంటు పూత నీటిని పీల్చుకుంటాయి. నీరు నిలిచిన గీత గోడమీద కనబడుతూనే ఉంటుంది, కాని చెమ్మ ఆ గీత దగ్గర ఆగదు. దీపం వత్తి నూనెను పైకి లాగినట్లు గోడ నీటిని ఇంకా పైకి లాగుతుంది. పైపొర రెండు మూడు రోజుల్లో ఆరినట్లు కనిపించినా లోపలి నీరు బయటికి రావడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. తొమ్మిది అంగుళాల గోడ అయితే మరీ ఆలస్యం. మన కోస్తా జిల్లాల్లో వరద వెనుకనే అక్టోబరు, నవంబరు వానలు కూడా వస్తాయి గనుక గాలిలోనే తేమ ఎక్కువ.

తడిసిన వస్తువుల మీద ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొలవడం మొదలవుతుంది. బూజు అంటే సాలెగూడు అనుకోకండి. ఊరగాయ జాడీలో పట్టే బూజు వంటిది. గోడమీద, బీరువా వెనుక, మంచం చెక్కమీద నల్లని, ఆకుపచ్చని మచ్చలుగా కనిపిస్తుంది. దాని పొడి గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఆరోగ్యవంతులకు తుమ్ములు, దగ్గుతో పోవచ్చు. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది. క్యాన్సరు మందులు తీసుకుంటున్నవారికి, కిడ్నీ మార్పిడి జరిగినవారికి, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారికి, పూర్వం టి.బి. వచ్చి ఊపిరితిత్తి దెబ్బతిన్నవారికి ఇది ప్రాణం మీదికి తేవచ్చు. ఇటువంటి రోగులు శుభ్రం చేసే సమయంలో ఆ ఇంట్లో ఉండనే కూడదు. గోడలు ఆరేవరకు బంధువుల ఇంటిలోనో, మునగని పై అంతస్తులోనో ఉంచండి. "సొంత ఇల్లు ఉండగా ఇంకొకరి ఇంట్లోనా" అని పెద్దలు నొచ్చుకుంటారు. అయినా సరే, నచ్చజెప్పండి.

గోడ ఆరిందో లేదో ఇలా చూడండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి నాలుగు అంచులకూ టేపు గట్టిగా అతికించండి. ఒక రోజు తరువాత కాగితం లోపలివైపు నీటి ఆవిరి పట్టి ఉంటే గోడ ఇంకా తడిగా ఉన్నట్లే. నీటి గీతకు పైన ఒకచోట, కింద ఒకచోట, మంచం వేయబోయే మూల ఒకచోట చూడడం మంచిది.

అంతవరకు రంగులు వేయించవద్దు. పండుగ వస్తున్నదని, చుట్టాలు వస్తారని లప్పం పెట్టించి పైన ఆయిల్ పెయింటు వేయిస్తారు. దానితో చెమ్మకు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. కొన్నాళ్ళకు రంగు పొక్కులుగా లేచి, తెల్లగా ఉప్పు పట్టి, వెనుకనే బూజు వస్తుంది. డబ్బూ పోతుంది, జబ్బూ వస్తుంది. తొందరగా ఏదైనా వేయాలనుకుంటే పాతకాలపు సున్నమే మేలు. సున్నం గోడను గాలి పీల్చుకోనిస్తుంది, బూజును కూడా కొంత అడ్డుతుంది. ఎదురెదురు కిటికీలు తెరచి, ఫ్యాన్లు పెట్టి, బీరువాలు, మంచాలు గోడకు జానెడు దూరం జరపండి. మెత్తబడి ఊడివస్తున్న పూతను గీకి తీసివేయించండి.

లోపలికి వెళ్ళే ముందు

కరెంటు విషయంలో ఒక హెచ్చరిక. మెయిన్ స్విచ్ ఆపితే చాలు అనుకుంటాము, కాని ఇంట్లో ఇన్వర్టరు ఉంటే వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. దానిని కూడా విడదీయించండి. మీటరు దగ్గర నీరు నిలిచి ఉంటే మీరు చేయి పెట్టకుండా లైన్‌మన్‌ను పిలవండి. మునిగిన స్విచ్‌బోర్డులు, మోటారు, ఫ్రిజ్ ఎలక్ట్రీషియన్ చూడకుండా వేయరాదు. ఫ్యాన్లు పెట్టమన్నది కూడా ఆ తరువాతే. మునిగిన గ్యాస్ రెగ్యులేటరును ఏజెన్సీవారికి చూపించండి. సామాన్ల కిందికి చేయి పెట్టే ముందు కర్రతో కదిపి చూడండి, పాములు చేరి ఉంటాయి.

కడగడంలో చాలామంది చేసే పొరపాటు బురద మీదనే బ్లీచింగ్ చల్లడం. బురదలో క్లోరిన్ శక్తి వ్యర్థమవుతుంది. ముందు బురద ఎత్తి, సబ్బునీటితో రుద్ది కడిగి, ఆ తరువాత పది లీటర్ల నీటిలో 150 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేటనీటితో నేలను తుడిచి పది నిమిషాలు ఉంచి కడగండి. బ్లీచింగ్‌ను బాత్రూము కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు పుడుతుంది. రెండూ కలిస్తే బాగా శుభ్రపడుతుందని కలిపి ఊపిరాడక పడిపోయేవారున్నారు. గోడమీది బూజును పొడిగా దులపవద్దు. తడిపి తుడవాలి. ముఖానికి ఎన్-95 మాస్కు, కాళ్ళకు బూట్లు, చేతులకు రబ్బరు గ్లవ్స్ ఉండాలి. షుగరు వ్యాధి ఉన్నవారిని మాత్రం ఈ పనికి పంపనే వద్దు. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి మేకు గుచ్చుకున్నా తెలియదు.

పారవేయవలసినవి

మునిగిన దూది పరుపు, దిండు, సోఫా ఎండలో ఎంత ఆరబెట్టినా రోగికి పనికిరావు. చెక్కపొట్టు అట్టలతో చేసిన మంచాలూ అంతే. ఇనుప మంచం, నవారు మంచం కడుక్కుని వాడవచ్చు. నీరు తగిలిన బియ్యం, పప్పులు వదులుకోండి. మందులు స్ట్రిప్‌లో మూసి ఉన్నా, ఇన్సులిన్ సీసా పైకి బాగున్నా, వరద నీటిలో మునిగితే వాడవద్దు. అలాగని మోతాదులు మానవద్దు, మందుల చీటీ పోయినా సరే ఆసుపత్రికి రండి. మీ కేస్‌షీటు రికార్డులలో ఉంటుంది. డయాలసిస్ రోజు తప్పిపోతే ఫోను చేసి వెంటనే తెలపండి. తడిసిన రిపోర్టులను నీడలో, మధ్య మధ్య పొడి కాగితాలు పెట్టి ఆరబెట్టండి. ఎక్స్‌రే ఫిల్ములు మంచినీటితో కడిగి తీగకు వేలాడదీస్తే చాలు.

సంపులోకి వరద నీరు చేరి ఉంటే తోడించి, గోడలు రుద్దించి, బ్లీచింగ్ కలిపిన నీటితో కడిగించాకే నింపాలి. తాగే నీరు తెర్లిన తరువాత ఒక నిమిషం పాటు మరగనివ్వండి. కుండీలు, పాత టైర్లలో నిలిచిన నీటిని వారానికొకసారి పారబోయండి. డెంగ్యూ దోమ అంతలోనే పెరుగుతుంది.

ఇల్లు కడిగినవారిలో ఎవరికైనా నెలలోపు జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్ళు ఎర్రబడడం, పసిరికలు, మూత్రం తగ్గడం కనిపిస్తే ఎలుక జ్వరం కావచ్చు. ఎలుక మూత్రం కలిసిన నీరు గాయాల ద్వారా ఒంట్లోకి వెళితే ఇది వస్తుంది. మామూలు జ్వరమని మాత్రలు మింగుతూ కూర్చోకుండా డాక్టరుగారి దగ్గరకు వెళ్ళి, "మేము వరద ఇల్లు కడిగామండీ" అని మొదటే చెప్పండి. అడగకపోయినా చెప్పండి. కాలికి గాయమైనవారు ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి కూడా అప్పుడే అడగండి.