కాగితం ఎక్కడ ఆగింది?

కె.సి. కాలువ పేరు మీరు వినే ఉంటారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై, కర్నూలు, నంద్యాల ప్రాంతాల మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు పారుతుంది. అంత పొడవైన కాలువ కింద చివరి మడికి ఒకరోజు నీళ్ళు రాలేదనుకోండి. రైతు ఏం చేస్తాడు? మడిలో నిలబడి మడిని తిట్టడు. పార భుజాన వేసుకుని గట్టు వెంట పైకి నడుస్తాడు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో, ఎక్కడ ఆగాయో చూస్తాడు. తూము మూసి ఉందా? గండి పడిందా? పూడిక నిండిందా? చోటు తెలిస్తే పని సగం అయినట్టే.

ఈ నెల మనం ఒక ప్రింటరు సంగతి చెప్పుకుందాం. కాలువకూ ప్రింటరుకూ ఏమిటి సంబంధం అంటారా? చదవండి, మీకే తెలుస్తుంది.

మూడు యంత్రాలు, ఒకే ప్రింటరు

ఆ కాలువ పక్కన ఒక ఊళ్ళో ఉన్నత పాఠశాల ఉందనుకుందాం. ఆఫీసు గదిలో ఒకే ఒక లేజర్ ప్రింటరు. దాన్ని తీగతో రూటరుకు కలిపారు. రూటరు అంటే బడిలోని యంత్రాలన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపే చిన్న పెట్టె. ఈ ప్రింటరును మూడు యంత్రాలు వాడుకోవాలి. గుమాస్తాగారి కంప్యూటరులో ఉన్నది విండోస్. వారం కిందట ఆఫీసులోకి వచ్చిన రెండో కంప్యూటరులో ఉన్నది లినక్స్. లెక్కల టీచరుగారి ఫోనులో ఉన్నది ఆండ్రాయిడ్. ఈ మూడూ ఆపరేటింగ్ సిస్టమ్‌లు. అంటే, యంత్రం చేత పనులన్నీ చేయించే మూల ప్రోగ్రాములు.

మధ్యాహ్నం మూడు గంటలైంది. 23 మంది విద్యార్థుల ఉపకార వేతనం దరఖాస్తులు అచ్చు తీసి, సంతకాలు పెట్టించి, అయిదు గంటల బస్సుకు మండల కేంద్రానికి పంపాలి. ఆ రోజే ఆఖరు. బస్సు తప్పితే 23 మందికీ ఆ ఏడాది డబ్బు రానట్టే. భోజనాల వేళ కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. అప్పటినుంచి ప్రింటరు ఉలకదు, పలకదు. గుమాస్తాగారు తొమ్మిదిసార్లు ప్రింట్ బొత్తాం నొక్కారు. విండోస్ మాత్రం "ప్రింటరు ఆఫ్‌లైన్‌లో ఉంది" అనే ఒక్క మాటే చెబుతోంది. లినక్స్ కంప్యూటరేమో ఎదురుచూస్తూనే ఉంది.

"ప్రింటరు చెడిపోయింది సార్. కర్నూలు నుంచి మెకానిక్కును పిలిపించాల" అన్నారు గుమాస్తాగారు.

దరఖాస్తు మీద సంతకం పెట్టడానికి వచ్చిన పదో తరగతి అమ్మాయి ఒకతె గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. "సార్, మడికి నీళ్ళు రాకుంటే మా నాయన గట్టు పట్టుకొని పైకి పోతాడు సార్. యాడిదాకా తడి ఉందో చూస్తాడు. మనమూ అట్లే చూద్దామా?" అంది.

హెడ్మాస్టరుగారు నవ్వి, "సరే పాపా, చూడు మరి" అన్నారు.

కాగితం నడిచే దారి

మనం బొత్తాం నొక్కగానే జరిగేది ఒక పని కాదు, నాలుగు. మొదట తెర మీది పేజీని ప్రింటరుకు తెలిసిన భాషలోకి మార్చాలి. ఈ పని చేసే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. రెండోది, ఆ పేజీ వరుసలో నిలబడాలి. రేషను దుకాణం ముందు జనం నిలబడినట్టు, పనులన్నీ ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి. ఈ వరుసను నడిపే ప్రోగ్రామే స్పూలరు. మూడోది, నెట్‌వర్కు దారి వెంట ప్రింటరుదాకా ప్రయాణం. నాలుగోది, ప్రింటరు దాన్ని చదివి కాగితం మీద అచ్చు వేయడం.

నాలుగు తూములున్న కాలువ అన్నమాట. ఏ తూము మూసి ఉందో ఎలా కనుక్కోవాలి?

ఒక మంచి ఉపాయం ఉంది. మొదటినుంచి చివరిదాకా నడవకుండా నేరుగా మధ్యకు వెళ్ళండి. అక్కడ నీళ్ళుంటే లోపం కింద ఉంది. లేకపోతే పైన ఉంది. ఒక్క చూపుతో సగం కాలువను వదిలేయవచ్చు. మిగిలిన సగానికీ మళ్ళీ ఇదే పద్ధతి. 8 తూములుంటే 3 సార్లు చూస్తే చాలు. 1024 ఉన్నా 10 సార్లు చాలు! కావాలంటే 1024ను రెండుతో భాగించుకుంటూ పోయి చూడండి.

మొదటి చిక్కు: మారిన చిరునామా

ఆ అమ్మాయి ముందు ప్రింటరు మీదే ఉన్న బొత్తాం నొక్కి పట్టుకుంది. చాలా ప్రింటర్లలో ఈ ఏర్పాటు ఉంటుంది. కంప్యూటరు సాయం లేకుండానే ప్రింటరు తన వివరాలతో ఒక పేజీ వేసి చూపిస్తుంది. పేజీ చక్కగా వచ్చింది! అంటే ప్రింటరు, దాని సిరా పొడి, దాని కాగితం అన్నీ బాగానే ఉన్నాయి. మెకానిక్కుతో పనిలేదు.

తరువాత టీచరుగారి ఫోనులోంచి ఒక చిన్న బొమ్మ పంపారు. అదీ వచ్చింది! అంటే రూటరూ, దారీ కూడా బాగున్నట్టే. మరి కంప్యూటర్లకు ఏమైంది?

ప్రింటరు తానే వేసిన పేజీలో ఒక వరుస ఉంది. దాని నెట్‌వర్కు చిరునామా 192.168.1.7 అని. విండోస్‌లో ఉన్న చిరునామా చూశారు. 192.168.1.15 అని ఉంది! లినక్స్‌లోనూ అదే. తూము దొరికింది!

ఏం జరిగిందంటే, బడిలోని యంత్రాలకు చిరునామాలు పంచేది రూటరు. ఇది బస్సులో సీటు లాంటిది. దిగి మళ్ళీ ఎక్కితే పాత సీటే దొరుకుతుందన్న నమ్మకం లేదు. కరెంటు పోయి వచ్చాక ప్రింటరుకు కొత్త సీటు దొరికింది. కంప్యూటర్లు మాత్రం పాత సీటు దగ్గర నిలబడి పిలుస్తున్నాయి. అక్కడ ఎవరూ లేరు కనుక జవాబు లేదు.

మరి ఫోను ఎలా కనుక్కుంది? అది అంకెను గుర్తు పెట్టుకోలేదు. బస్టాండులో మనిషి కోసం కేకేసినట్టు, "ఇక్కడ ప్రింటరు ఎవరైనా ఉన్నారా?" అని నెట్‌వర్కు అంతా వినేలా అడిగింది. "నేనున్నాను, నా చిరునామా ఇది" అని ప్రింటరు పలికింది.

గుమాస్తాగారు వెంటనే చిరునామా మార్చబోయారు. "ఆగండి సార్! ముందు వరుస ఖాళీ చేయాల" అంది అమ్మాయి. ఎందుకో ఊహించారా? ఆయన నొక్కిన తొమ్మిది నొక్కులూ స్పూలరు వరుసలో కాచుకుని ఉన్నాయి. దారి తెరుచుకోగానే ఒకే దరఖాస్తు తొమ్మిదిసార్లు అచ్చయ్యేది! వరుసను ఖాళీ చేసి, చిరునామా సరిదిద్దారు. రూటరులో "ఈ ప్రింటరుకు ఎప్పుడూ ఇదే చిరునామా" అని ఒక సీటు కేటాయించారు. ఇక కరెంటు ఎన్నిసార్లు పోయినా చింత లేదు.

రెండో చిక్కు: తెలియని భాష

దరఖాస్తులు విండోస్ నుంచి వస్తున్నాయి. పని త్వరగా అవుతుందని కొన్ని లినక్స్ నుంచి కూడా పంపారు. ఆ కంప్యూటరు వచ్చాక దానిలోంచి అచ్చు తీయడం అదే మొదలు. గడగడా కాగితాలు వచ్చిపడ్డాయి. కానీ వాటి మీద దరఖాస్తు లేదు! పిచ్చి పిచ్చి ఇంగ్లీషు మాటలు, అంకెలు. మొట్టమొదటి వరుసలో శాతం గుర్తు, దాని పక్కన ఆశ్చర్యార్థకం, ఆ తరువాత పీ, ఎస్ అనే అక్షరాలు.

ఇది పిచ్చి కాదు, భాష. పేజీని వర్ణించడానికి ప్రింటర్లకు వేర్వేరు భాషలున్నాయి. వాటిలో ఒకటి పోస్ట్‌స్క్రిప్ట్. అడోబి కంపెనీవారు 1984లో తెచ్చారు. మరొకటి పీసీఎల్. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీవారిది. లినక్స్‌లో ప్రింటరును చేర్చిన వారెవరో పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవరును ఎంచుకున్నారు. ఈ ప్రింటరుకేమో పీసీఎల్ తప్ప ఆ భాష రాదు. అర్థం కాని ఉత్తరాన్ని అక్షరం అక్షరం చూసి రాసిచ్చే పిల్లవాడిలా, వచ్చినదంతా అలాగే అచ్చు వేసింది.

ఆదోని పత్తి మార్కెట్టుకు వెళితే తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. అక్కడ బేరగాడు ముందు చేసే పని, ఎదుటివాడికి ఏ భాష వచ్చో తెలుసుకోవడం. కొత్త ప్రింటర్లూ, కంప్యూటర్లూ ఇప్పుడు ఇదే చేస్తున్నాయి. దీనికి ఐపీపీ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. "నీకు ఏ భాషలు వచ్చు? ఎంత కాగితం పడుతుంది? రంగులు ఉన్నాయా?" అని కంప్యూటరు ముందే అడుగుతుంది. ప్రింటరు జవాబు చెబుతుంది. లినక్స్‌లో అచ్చు పనులు చూసే కప్స్ అనే ప్రోగ్రాము 1999 నుంచీ ఈ పద్ధతి మీదే నడుస్తోంది. ఆపిల్ కంపెనీవారు 2010లో తెచ్చిన ఎయిర్‌ప్రింట్ కూడా దీని మీదే ఆధారపడింది.

అమ్మాయి పాత అమరికను తీసేసి, ఐపీపీ పద్ధతిలో ప్రింటరును మళ్ళీ చేర్చింది. పేజీ సరిగ్గా వచ్చింది.

మూడో చిక్కు: పేర్లు మాయం

నాలుగున్నర అయింది. ఆఖరి కాగితం దరఖాస్తుదారుల జాబితా. దానిలో పేర్లు తెలుగులో ఉండాలి. లినక్స్ నుంచి తీస్తే పేర్ల స్థానంలో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి! మళ్ళీ డ్రైవరా?

కాదు. "తెర మీద ఎట్లుంది?" అని అడిగింది అమ్మాయి. తెర మీదా అలాగే ఉంది. అంటే పేజీ దారిలో అడుగు పెట్టకముందే చెడిపోయింది. ప్రింటరు నిర్దోషి!

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక అంకె. పూర్వం డీటీపీ పనులకు వాడిన తెలుగు ఫాంట్లలో చాలావాటిలో ఇంగ్లీషు అక్షరాల అంకెలనే తీసుకుని, ఆ స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగు కనిపిస్తుంది. లేనిచోట అసలు ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు సొంత అంకెలు ఇచ్చింది. 'క' అక్షరానికి 3093. తెలుగు ఫాంటు ఉన్న ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా అది 'క'యే.

అంత జాబితానూ యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసే తీరిక లేదు. అందుకని పాత ఫాంటు ఉన్న విండోస్ కంప్యూటరులో దాన్ని పీడీఎఫ్‌గా మార్చారు. పీడీఎఫ్ తనకు కావలసిన ఫాంటును వెంట మోసుకుపోగలదు. లినక్స్ నుంచి పేర్లన్నీ తెలుగులో వచ్చాయి. అయిదుకు పది నిమిషాలుండగా కవరు బస్టాండు దారి పట్టింది.

మీ బడిలో ఏర్పాటు వేరా?

కొన్నిచోట్ల ప్రింటరును రూటరుకు కాక, ఒక విండోస్ కంప్యూటరుకు కలిపి, మిగతా కంప్యూటర్లతో పంచుకుంటారు. అప్పుడు దారిలో ఇంకొక తూము పెరుగుతుంది. ఆ కంప్యూటరు ఆపేసి ఉంటే ఎవరికీ అచ్చు రాదు.

ఇలా పంచుకోవడానికి విండోస్ మాట్లాడే భాష ఎస్ఎంబి. లినక్స్ కంప్యూటర్లకు దాన్ని నేర్పిన కథ తమాషాగా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి, నెట్‌వర్కు తీగ మీద యంత్రాలు చెప్పుకునే మాటలను ఓపికగా విని, ఏ మాటకు ఏ జవాబు వస్తోందో గమనించి, 1992లో తన ప్రోగ్రామును విడుదల చేశాడు. తరువాత దానికి కొత్త పేరు కావలసివచ్చి, ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా ఉన్న మాటకోసం వెతికితే 'సాంబా' దొరికింది!

అయితే ఆ భాష పాత రూపంలో ఒక లోపం ఉండేది. 2017 మే నెలలో వన్నాక్రై అనే చెడ్డ ప్రోగ్రాము ఆ కన్నంలోంచి ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివరి నుంచి కొత్త విండోస్‌లో ఆ పాత రూపాన్ని మామూలుగా అమర్చడం మానేశారు. అందుకే బాగా పాత కంప్యూటరు పంచే ప్రింటరు కొత్త కంప్యూటరుకు కనిపించకపోవచ్చు. ఇది గండి కాదు, కావాలని మూసిన తూము. దాన్ని పగలగొట్టకూడదు. ప్రింటరును నేరుగా రూటరుకు కలపడం మేలు.

మీరూ చేసి చూడండి

ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీయండి. ఏం కనిపించింది? ఏమని ఊహించాం? ఏం మార్చి చూశాం? ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే, బాగయినా దేనివల్ల బాగయిందో తెలియదు. "నిన్న పనిచేసింది, ఈ రోజు ఏం మారింది?" అని తప్పక అడగండి. పై కథలో మారింది కరెంటు పోయి రావడమే కదా! లేజర్ ప్రింటరు లోపల మాత్రం పెద్దలు లేకుండా చేయి పెట్టవద్దు. సిరా పొడిని కాగితానికి కరిగించి అంటించే భాగం చేయి కాలేంత వేడిగా ఉంటుంది.

ఈ పద్ధతి ప్రింటరుకే కాదు, వెలగని బల్బుకు, గాలి నిలవని సైకిలు ట్యూబుకు, తేలని లెక్కకు కూడా పనికివస్తుంది. ఈసారి ఏదైనా మొరాయిస్తే, దాన్ని తిట్టేముందు ఒక్కసారి గట్టు వెంట నడవండి. తడి ఎక్కడిదాకా ఉందో చూడండి.